కారు మీది పసుపు పొడి అసలు దొంగ కాదు

2025 మార్చి 29, శనివారం. తెల్లారితే ఉగాది. ఆ రోజు అట్లాంటా గాలిలో చెట్ల పుప్పొడి ఘనపు మీటరుకు 14,801 రేణువులని లెక్క తేలింది. అక్కడ మూడున్నర దశాబ్దాలుగా పుప్పొడిని లెక్కపెడుతున్నారు, అంత అంకె ఎన్నడూ రాలేదు. అప్పటిదాకా 2012లో వచ్చిన 9,369 రికార్డు. చెట్ల పుప్పొడి 1,500 దాటితేనే అమెరికాలో ‘మరీ ఎక్కువ’ అంటారు, కాబట్టి ఇది ఆ గీతకు దాదాపు పది రెట్లు. మార్చి ఆఖరు వారం వచ్చిందంటే అట్లాంటా శివార్లలో ఆల్ఫారెట్టా, కమింగ్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రకం ఫోటో తిరుగుతుంది: కారు అద్దం మీద పసుపు చల్లినట్టు పరుచుకున్న పొడి, దాని మీద వేలితో రాసిన పేరు, కింద ‘మొదలైందిరా బాబూ’ అని ఒక మాట.

ఆ ఫోటోలో ఉన్నది అసలు దొంగ కాదు. కారు మీద పసుపు పూసేది ఎక్కువగా పైన్ చెట్టు. దాని రేణువు పెద్దది, 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైమాటే, రెండు పక్కలా చిన్న గాలి బుడగలుంటాయి, పైన మైనం లాంటి పొర ఉంటుంది. పెద్దది కాబట్టి కళ్లకు కనబడుతుంది, కుప్పలుగా రాలుతుంది, తుడిస్తే చేతికి అంటుతుంది. కానీ దానివల్ల నిజంగా ఎలర్జీ వచ్చేవాళ్లు చాలా తక్కువ. అదే రోజుల్లో, అదే గాలిలో ఓక్, బర్చ్, మల్బరీ, సికమోర్ పుప్పొడి తిరుగుతూ ఉంటుంది. ఓక్, బర్చ్ రేణువులు 20 నుంచి 35 మైక్రాన్ల మధ్య ఉంటాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే అందులో సగానికి మించవు. అవి గాలిలో కనబడవు, ముక్కులోకి వెళ్లాక మాత్రం తెలుస్తాయి. ఇంటి ముందు పైన్ చెట్టు కొట్టించేద్దామా అని హోమ్ ఓనర్స్ అసోసియేషన్‌కి ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. కొట్టేస్తే కారు శుభ్రంగా ఉంటుంది, అంతే.

ఈ పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది గానీ దీని వల్లే సీజన్ మొత్తం చేజారిపోతుంది. పసుపు కనబడ్డాక మందు వెతకడం మొదలుపెడతారు. అప్పటికి ఓక్ మంచి ఊపు మీద ఉంటుంది, అంతకు ముందే ఎల్మ్, మేపుల్, జూనిపర్ తమ పని కానిచ్చి వెళ్లిపోయి ఉంటాయి.

చెట్లలో రెండు రకాల పెళ్లిళ్లున్నాయి. కొన్ని తేనెటీగలనూ సీతాకోకచిలుకలనూ నమ్ముకుంటాయి. వాటికి రంగు కావాలి, వాసన కావాలి, అడుగున తేనె చుక్క కావాలి, పుప్పొడి జిగటగా ఉండి ఈగ కాళ్లకు అంటుకోవాలి. ఇలాంటి పుప్పొడి గాలిలోకి లేచి మన ముక్కు దాకా రావడం తక్కువ. ఇంకొన్ని గాలిని నమ్ముకుంటాయి. వీటికి అలంకారం అక్కర్లేదు, పిలుపులు అక్కర్లేదు, కోట్ల రేణువుల్ని గాలికి వదిలితే ఎక్కడో ఒకటి తగలకపోతుందా అన్న లెక్క. ఓక్ పూలు చూస్తే పూలని ఎవరూ అనుకోరు. కొత్త చిగుళ్ల పక్కన లేత పచ్చగా, జడకుచ్చుల్లా వేలాడుతుంటాయి. రెండు వారాలకు గోధుమ రంగులో ఎండి డ్రైవ్‌వే నిండా గొంగళిపురుగుల్లా రాలి కాలువ గొట్టాలకు అడ్డం పడతాయి. అవి రాలి కనబడ్డాయంటే ఆ చెట్టు పుప్పొడి వదలడం చాలావరకు అయిపోయినట్టే. చెర్రీ పూల దగ్గర ఫోటోలు దిగి వచ్చి తుమ్మితే నింద చెర్రీ మీద పడుతుంది, పార్కు చుట్టూ నిలబడ్డ ఓక్‌ని ఎవరూ చూడరు.

ఊళ్లో పట్టిన తేనె తింటే ఎలర్జీ పోతుందన్న చిట్కా ఎందుకు పనిచేయదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. తేనెటీగ ప్రధానంగా వాలేది రంగు పూల మీద. మనల్ని ఏడిపించే పుప్పొడి ఈగను పట్టించుకోని చెట్లది. తేనె తినండి, బాగుంటుంది, కానీ దాన్ని మందు ఖాతాలో వేయకండి.

ఇక తెలుగు ఇళ్లల్లో ప్రతి ఏడూ వినిపించే ప్రశ్న ఒకటుంది. ‘ఇండియాలో అంత దుమ్ములో పెరిగాం, ఒక్క తుమ్ము లేదు, ఇక్కడికొచ్చిన మొదటి రెండేళ్లు కూడా ఏమీ లేదు, మూడో ఏడు నుంచి ఎందుకిలా?’ నిజానికి మూడో ఏడు నుంచే కావడంలో వింతేమీ లేదు. ఎలర్జీ మొదటి చూపులో రాదు. శరీరం ముందు ఆ ప్రోటీన్‌ని చూసి, అది శత్రువని తప్పుగా తేల్చుకుని, దానికోసమే ప్రత్యేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసుకోవాలి. 1960ల రెండో సగంలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ విడివిడిగా కనిపెట్టిన యాంటీబాడీ ఇదే. ఇవి వెళ్లి ముక్కు పొరల్లో, కంటి పొరల్లో ఉన్న మాస్ట్ కణాలనే రక్షణ కణాల మీద కూర్చుంటాయి. అంటే మందుపాతర పెట్టడం మొదటి ఒకటి రెండు వసంతాల్లో జరుగుతుంది, చప్పుడు ఉండదు. తర్వాతి వసంతంలో అదే పుప్పొడి దాని మీద కాలు వేస్తుంది. ఆ కణాల నుంచి హిస్టమిన్ అనే రసాయనం బయటపడి నిమిషాల్లో దురద, తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు. అంతటితో ఆగదు, కొన్ని గంటల తర్వాత రెండో విడతగా వాపు వచ్చి ముక్కు దిబ్బడ పడుతుంది. పగలు పార్కులో తిరిగి, రాత్రి పడుకోబోయేటప్పుడు ముక్కు మూసుకుపోవడం ఈ రెండో విడత పనే.

హైదరాబాదులోనో గుంటూరులోనో పెరిగిన శరీరం ఓక్‌ని, బర్చ్‌ని ఎన్నడూ చూసి ఉండదు, కాబట్టి పరిచయానికి కొంత కాలం పడుతుంది. 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలోనూ ఇదే కనిపించింది: విదేశాల్లో పుట్టిన పిల్లల్లో ఎలర్జీ జబ్బులు అమెరికాలో పుట్టినవాళ్ల కన్నా తక్కువ, కానీ అక్కడికొచ్చి పదేళ్లకు పైగా ఉన్నవాళ్లలో ఆ రక్షణ కరిగిపోతూ వచ్చింది. దుమ్ములో పెరిగామన్న ధీమాకి గడువు ఉంటుందన్నమాట.

టెక్సస్‌ది ఇంకో కథ. అక్కడి తెలుగువాళ్లకు వసంతం దాకా ఆగాల్సిన పని లేదు, ధనుర్మాసంలోనే మొదలవుతుంది. ఆస్టిన్, శాన్ ఆంటోనియో చుట్టూ కొండల మీద ఆష్ జూనిపర్ అనే చెట్టు అడవులుగా ఉంది. స్థానికులు దాన్ని మౌంటెన్ సీడర్ అంటారు, నిజానికి అది సీడర్ కాదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మగచెట్లు తుప్పు రంగుకు తిరుగుతాయి, ఉత్తరం నుంచి చల్లటి పొడిగాలి ఒక్కసారి వీచిందంటే చెట్టు నుంచి పొగ లేచినట్టు పుప్పొడి లేస్తుంది. మంటలనుకుని అగ్నిమాపక వాళ్లకు ఫోన్ చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అది ఉధృతంగా ఉండేది జనవరి మధ్యలో, అంటే సరిగ్గా సంక్రాంతికి. దీన్ని సీడర్ ఫీవర్ అని పిలుస్తారు గానీ ఇందులో జ్వరం ఉండదు. ఒళ్లునొప్పులు, నీరసం, తలభారం మాత్రం జ్వరం వచ్చినట్టే ఉంటాయి. సంక్రాంతికి ఇండియా వెళ్లిన ఏడు తమకు ఏ సమస్యా రాలేదని, పుట్టింటి గాలి మహిమని చెప్పుకునే ఆస్టిన్ కుటుంబాల మాట అబద్ధమేమీ కాదు. ఆ గాలిలో జూనిపర్ లేదు, అంతకు మించిన మహిమ లేదు.

జలుబా, ఎలర్జీయా అన్న దగ్గర చాలామంది తడబడతారు. జ్వరం ఉంటే, గొంతు మంటతో మొదలైతే, వారం పది రోజుల్లో తగ్గిపోతే జలుబనుకోవచ్చు. దురద ఉంటే ఎలర్జీ వైపు చూడాలి: ముక్కులో, కళ్లలో, అంగిట్లో దురద, పొద్దున లేవగానే వరసగా ఎనిమిదీ పదీ తుమ్ములు, నీళ్లలా పల్చగా కారడం, వారాల తరబడి సాగడం, పైగా నిరుడు కూడా ఇదే నెలలో వచ్చి ఉండటం. పిల్లల్లో ఒక గుర్తు మాటల కన్నా ముందు చెబుతుంది. అరచేతిని ముక్కు కింద పెట్టి పైకి తోస్తూ తుడుచుకుంటారు, సలాం కొట్టినట్టు. అలా తోసీ తోసీ ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది, కళ్ల కింద నల్లగా అవుతుంది. నిద్ర చాలడం లేదని, ఫోన్ ఎక్కువ చూస్తున్నాడని పిల్లాణ్ని తిట్టే ముందు ఆ గీత ఉందేమో ఒకసారి చూడాలి. పిల్లికూతలు వినబడినా, రాత్రిళ్లు దగ్గు ఆగకపోయినా, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టున్నా అది ముక్కు దాటి ఊపిరితిత్తులకు దిగినట్టు. అక్కడ ఇంటి వైద్యం ఆపేసి డాక్టర్ని కలవాలి.

మందుల విషయంలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన అలవాటుంది. సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన మందుల డబ్బా. అందులో క్రోసిన్‌తో పాటు మాంటెలుకాస్ట్, లెవోసిట్రిజన్ కలిపిన మాత్రల అట్టలు కనీసం నాలుగైనా ఉంటాయి. ఇండియాలో జలుబుకీ దగ్గుకీ తుమ్ముకీ అదే రాసి ఇవ్వడంతో అది చాక్లెట్ అంత మామూలైపోయింది. కానీ అందులో సగం, అంటే మాంటెలుకాస్ట్, అంత మామూలు మందు కాదు. మానసికమైన దుష్ప్రభావాలు, అంటే పీడకలలు, విపరీతమైన చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల దాకా రావచ్చని 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఉత్త ముక్కు ఎలర్జీకి వేరే మందులు పనిచేస్తుంటే దీని జోలికి పోవద్దని చెప్పింది. అందరికీ అలా అవుతుందని కాదు. అయితే పిల్లాడు నెల రోజులుగా ఎందుకు ఏడ్చి లేస్తున్నాడో అర్థంకాక తిరిగే తల్లిదండ్రులకు ఆ అట్ట గుర్తుకు రావాలి.

ఉత్త సిట్రిజన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ రకాలు దురదకీ తుమ్ములకీ ముక్కు కారడానికీ బాగానే పనిచేస్తాయి, దిబ్బడకు అంతగా కాదు. ఫెక్సోఫెనడిన్‌ని నారింజ రసంతోనో ఆపిల్ రసంతోనో మింగితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది, మంచినీళ్లతోనే వేసుకోవాలి. సిట్రిజన్ నెలల తరబడి రోజూ వేసుకుని ఒక్కసారి మానేస్తే కొద్దిమందికి ఒళ్లంతా భరించలేని దురద వస్తోందని 2025 మేలో ఎఫ్‌డీఏ చెప్పింది. ఆ దురదని ఎలర్జీ తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర మొదలుపెట్టడం ఇంకో వలయం. బెనడ్రిల్, ఎవిల్ లాంటి పాత రకాలు నిద్ర తెప్పిస్తాయి. కారు నడిపేవాళ్లు, పరీక్షలున్న పిల్లలు, పెద్దవాళ్లు వాటిని పక్కన పెట్టడం మేలు.

రోజూ ఇబ్బంది పెట్టే ఎలర్జీకి, ముఖ్యంగా ముక్కు దిబ్బడకి, అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. ఫ్లూటికాసోన్, ట్రయామ్సినలోన్, బుడెసొనైడ్ అమెరికాలో చీటీ లేకుండానే దొరుకుతాయి. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడి పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. ఇది ముక్కు పొర మీదే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మోకాలికో నడుముకో వేసే ఇంజెక్షన్‌తో దీన్ని పోల్చకూడదు. ‘వాడి చూశాం, పనిచేయలేదు’ అన్నవాళ్లలో చాలామందికి మందు లోపం కాదు, వాడిన తీరు లోపం. ఒకటి, ఇది తలనొప్పి మాత్రలా గంటలో పనిచేయదు, పూర్తి ఫలితం రావడానికి వారం పైనే పట్టొచ్చు, రోజూ కొట్టాలి. రెండు, కొట్టే పద్ధతి. తల వెనక్కి వాల్చి గట్టిగా పీల్చేస్తే మందంతా గొంతులోకి జారిపోతుంది, నాలుక మీద చేదు తగిలిందంటే అది వృథా అయినట్టే. తల కొంచెం ముందుకు వంచాలి. కుడి ముక్కులో కొట్టుకోవడానికి ఎడమ చెయ్యి వాడాలి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి. అలా చేస్తే గొట్టం దానంతటదే మధ్య గోడ వైపు కాకుండా బయటికి, అదే పక్క చెవి వైపు తిరుగుతుంది. మధ్య గోడ మీద కొడితే పుండై రక్తం వస్తుంది, దాంతో జనం భయపడి మానేస్తారు. మెల్లగా పీల్చాలి, పువ్వు వాసన చూసినంత మెల్లగా అనుకోండి. వెంటనే చీదకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఇంకా ముఖ్యం. పుప్పొడి తాకిడి కొద్దిరోజులు సాగాక ముక్కు పొర ఎంత రెచ్చిపోయి ఉంటుందంటే, మొదట్లో వెయ్యి రేణువులకి తుమ్మిన మనిషి తర్వాత వందకే తుమ్ముతాడు. సీజన్ ఆఖర్లో గాలిలో లెక్క తగ్గినా మనకు తగ్గకపోవడానికి కారణం అదే. కాబట్టి ముక్కు రెచ్చిపోక ముందే స్ప్రే పని మొదలుపెట్టాలి, సీజన్‌కి ఒకటి రెండు వారాల ముందే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత. అట్లాంటా, డల్లాస్ వాళ్లకు ఓక్ కోసం స్ప్రే బయటికి తీయాల్సిన ముహూర్తం కూడా దాదాపు అదే. న్యూజెర్సీలో చెట్లు ఏప్రిల్, మేలలో విజృంభిస్తాయి, మార్చి రెండో సగంలో మొదలుపెడితే సరిపోతుంది. ఆస్టిన్ వాళ్లు జూనిపర్ కోసం థాంక్స్‌గివింగ్ సెలవులు అయిపోగానే. నిరుడు ఏ తేదీన మొదటి తుమ్ము వచ్చిందో ఫోన్ క్యాలెండర్లో రాసి పెట్టుకుంటే ఇంకా కచ్చితంగా ఉంటుంది, అయితే తేదీలు కూడా కదులుతున్నాయి. ఉత్తర అమెరికాలో 1990 నుంచి 2018 దాకా లెక్కలు తీసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పుప్పొడి సీజన్ సుమారు 20 రోజులు ముందుకు జరిగింది, 8 రోజులు పొడుగైంది, పుప్పొడి 21 శాతం పెరిగింది. భూమి వేడెక్కడం ఇందులో పెద్ద కారణం. అంటే పదేళ్ల నాటి మీ అనుభవం ఇప్పుడు కొన్ని రోజులు ఆలస్యంగా నడుస్తున్న గడియారం.

ముక్కు దిబ్బడని క్షణంలో తెరిచే ఇంకో రకం స్ప్రేలున్నాయి, ఇండియాలో ఓట్రివిన్, అమెరికాలో ఆఫ్రిన్. మూడు రోజులు దాటి వాడితే ఆ స్ప్రే లేనిదే ముక్కు తెరుచుకోని స్థితికి తెస్తాయి. దిండు కింద సీసా పెట్టుకుని ఏళ్ల తరబడి బతికేవాళ్లు ఉన్నారు.

జలనేతి మనకు కొత్త కాదు, యోగా క్లాసులో ముక్కున చెంబు పెట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఉప్పునీటితో ముక్కు కడగడం ఎలర్జీకి నిజంగానే మేలు చేస్తుంది, పుప్పొడిని, దానితో పాటు చీమిడిని కడిగేస్తుంది. కానీ నీళ్ల విషయంలో రాజీ పడకూడదు. 2011లో లూసియానాలో కుళాయి నీళ్లతో నేతి చేసిన ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు. ఆ నీళ్లు తాగితే ఏమీ కాదు, కడుపులో ఆమ్లం చంపేస్తుంది, ముక్కు ద్వారా వెళ్తే నేరుగా మెదడుకి దారి. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ వాడాలి, లేదా మూడు నుంచి ఐదు నిమిషాలు మరగకాచి చల్లార్చిన నీళ్లు. ఫిల్టర్ నీళ్లు కదా, ఫర్వాలేదు అనుకోకూడదు. వంటింటి ఫిల్టర్లలో చాలావాటికి అంత చిన్న జీవుల్ని ఆపే శక్తి ఉండదు.

ఇంట్లో చేయగలిగినవి చెబితే చాలా చిన్నవిగా అనిపిస్తాయి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పే అలవాటు మనకు ముందే ఉంది, అది నిజంగా లాభమే. తలస్నానం పొద్దున కాకుండా రాత్రికి మార్చుకోవాలి, లేకపోతే జుట్టులో చేరిందంతా దిండుకి దిగి రాత్రంతా ముక్కు పక్కనే ఉంటుంది, పొడుగు జడలున్న ఆడపిల్లలకు మరీను. డెక్ మీద బట్టలు ఆరేయడం ఆ రెండు నెలలు ఆపాలి. కష్టమల్లా కిటికీలతోనే. పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగుతుందని, ఇంగువ వాసన కోట్లకు పట్టేస్తుందని అన్ని కిటికీలూ బార్లా తీసే ఇళ్లు మనవి. సరిగ్గా ఎండగా, పొడిగా, గాలి వీస్తున్న మధ్యాహ్నం తెరిస్తే ఇంట్లోకి ఓక్‌ని ఆహ్వానించినట్టే. ఫర్నేస్‌లో మెర్వ్ 13 రకం ఫిల్టర్, పడకగదిలో గాలిని వడకట్టే హెపా యంత్రం కొంత ఆదుకుంటాయి. తెరవక తప్పకపోతే నిదానంగా వాన పడి వెలిసిన తర్వాత తెరవడం మంచిది.

ఉరుములతో వచ్చే గాలివాన మాత్రం వేరు. అది రేణువుల్ని పగలగొట్టి ఊపిరితిత్తుల్లోకి దిగేంత చిన్న ముక్కలు చేస్తుంది. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో అలాంటి సాయంత్రం ఒకటి వేలమందిని ఆసుపత్రుల పాలు చేసింది, పదిమంది చనిపోయారు. అక్కడ పుప్పొడి చెట్లది కాదు, గడ్డిది, కానీ జరిగిన తీరు ఒకటే. బాధితుల్లో భారత, ఆసియా మూలాలున్నవాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారని తర్వాత తేలింది. వాళ్లలో చాలామందికి అంతకు ముందు ఉబ్బసం ఉందని తెలియదు, ఉన్నది ముక్కు ఎలర్జీ మాత్రమే.

బర్చ్ ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, బోస్టన్ వైపు, యూరప్‌లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. పొద్దున్నే నానబెట్టిన బాదం పప్పు తినగానే పెదాలు, అంగిలి దురద పెడుతుంది. ఆపిల్, పీచ్, పచ్చి క్యారట్ తిన్నా అంతే. ఇవన్నీ కల్తీ అనో, మైనం పూశారనో అనుకుంటారు. బర్చ్ పుప్పొడిలోని ప్రధాన ప్రోటీన్‌కి దగ్గరి చుట్టాలు ఈ పళ్లలోనూ పప్పుల్లోనూ ఉన్నాయి, శరీరం మనిషిని పోలిన మనిషిని చూసి పొరబడుతుంది. ఆ ప్రోటీన్ వేడికి నిలవదు, అందుకే పచ్చి క్యారట్ పడనివాళ్లు క్యారట్ హల్వా సుఖంగా తింటారు. పప్పుల విషయంలో మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. గొంతు బిగుసుకుపోవడం, దద్దుర్లు, వాంతులు ఉంటే అది ఈ తేలిక రకం కాకపోవచ్చు.

ఏ చెట్టో కచ్చితంగా తెలియాలంటే చర్మం మీద సన్నగా గుచ్చి చేసే పరీక్ష ఉంది, పావుగంట, ఇరవై నిమిషాల్లో దద్దు లేస్తే తెలిసిపోతుంది. దానికి వారం ముందు నుంచి సిట్రిజన్ లాంటి యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపాలి, ఈ సంగతి మరచి వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు కోకొల్లలు. మందులతో లొంగని వాళ్లకు ఇమ్యునోథెరపీ ఉంది. 1911లో లండన్‌లో లియోనార్డ్ నూన్ మొదలుపెట్టిన పద్ధతి, శత్రువనుకున్న ప్రోటీన్‌నే కొద్దికొద్దిగా పెంచుతూ ఇంజెక్షన్ రూపంలో ఇచ్చి శరీరానికి అలవాటు చేయడం. మొదట్లో వారం వారం వెళ్లాలి, ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోవాలి, మొత్తం మూడు నుంచి ఐదేళ్లు. యూరప్‌లో బర్చ్‌కి నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా వచ్చింది. ఇంజెక్షన్లతో తెలుగువాళ్లకు ఎదురయ్యే అసలు ఇబ్బంది ఉద్యోగాలు. అట్లాంటా చెట్లకు కలిపిన మందు రెండేళ్లు వేయించుకున్నాక ప్రాజెక్టు డల్లాస్‌కి మారుతుంది, అక్కడి క్లినిక్ కొత్తగా పరీక్షలు చేసి మొదటికి రమ్మనవచ్చు. రెండు మూడేళ్లు ఊరు మారమన్న నమ్మకం ఉంటేనే మొదలుపెట్టడం తెలివైన పని.

కంటికి కనబడ్డ చెట్టు మీద కేసు పెట్టడం అమెరికా జబ్బే కాదు. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత పోయిన పచ్చదనం కోసం ఏడాకుల పాల చెట్లు విరివిగా నాటారు. త్వరగా పెరుగుతుంది, పశువులు తినవు, నీడ బాగుంటుంది. అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి రాత్రిళ్లు ఆ ఘాటు వాసనకి తలనొప్పి, ఊపిరాడకపోవడం, కొట్టేయండని ఏటా ఫిర్యాదులు. కోల్‌కతా వాళ్లు అదే పూల వాసన వస్తే దుర్గాపూజ రోజులొచ్చాయని మురిసిపోతారు, ఛాతిమ్ అని ముద్దుగా పిలుచుకుంటారు. ఇది పురుగుల మీద ఆధారపడ్డ పువ్వు. బాధ నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం ఘాటు వాసన చేసే చికాకు అయ్యే అవకాశం ఉంది, అది ఐజీఈ ఎలర్జీ కాదు, రెండింటికీ మందు ఒకటి కాదు. ఆస్తమా ఉన్నవాళ్లకు మాత్రం ఘాటు వాసన కూడా చాలు, ఆయాసం తెప్పించడానికి. కోనోకార్పస్ అనే ఇంకో చెట్టు మీద ఆరోపణ కొంచెం బలంగా ఉంది, ఇరాన్‌లోని అహ్వాజ్ లాంటి చోట్ల దాని పుప్పొడికి ఎలర్జీ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది, గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. కానీ ఈ గొడవలో ఎవరి నోటా రాని చెట్లు మన చుట్టూ ఉన్నాయి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి గాలికి పుప్పొడి వదిలే నెమలినార, కోస్తా పొడుగునా తోటలుగా పెంచే సరుగుడు, బీడు కనబడితే పాకే సర్కారు తుమ్మ. ఈ మూడింటి పుప్పొడీ మన దేశంలో ఎలర్జీ కారకాల జాబితాలో ఎప్పటినుంచో ఉన్నదే. వీటి పువ్వులు ఎవరూ ఫోటో తీయరు, వాటికి వాసన గొప్పేమీ ఉండదు, అందుకే నింద పడదు.

చివరగా, వేసవికి అమెరికా వచ్చే అమ్మానాన్నల సంగతి. ఏప్రిల్‌లో దిగిన నాన్నకు మొదటి వారమే తుమ్ములు వస్తే, ఇంట్లో అందరికీ ఉన్నదే ఆయనకీ వచ్చిందని అదే మాత్ర చేతిలో పెట్టేస్తారు. ఆయన శరీరం ఓక్‌ని ఇప్పుడే చూస్తోంది, అంత తొందరగా శత్రుత్వం పెంచుకోదు, అది బహుశా విమానంలో అంటుకున్న జలుబే. ఆ మాత్ర పేరు చివర ‘డి’ అని ఉందేమో కూడా చూడాలి. ఆ అక్షరం ఉంటే అందులో దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ కలిసి ఉంటుంది, బీపీని పెంచుతుంది, ప్రోస్టేట్ సమస్య ఉంటే మూత్రం బిగబట్టేస్తుంది. అమ్మ అయితే బీపీ మాత్ర వేసుకుంటున్నానని చెబుతుంది. నాన్న అడిగితే గానీ చెప్పడు.